ఇంటి పెద్ద ఎవరు?

2011లో జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ మా పక్కింట్లో "ఇంటి యజమాని ఎవరు?" అని అడిగింది. "మా ఆయన పేరే రాయుండ్రి. దుబాయిల ఉంటే ఏంది, ఇంటికి పెద్ద ఆయననే గద!" అందావిడ. ఆయన వెళ్ళి అప్పటికి ఎనిమిదేళ్ళు. పసుపు మార్కెట్టుకు తోలించి బేరమాడిందీ, బ్యాంకు అప్పు తీర్చిందీ, పిల్లల్ని చదివించిందీ ఆవిడే!

ఆ లెక్కల్లో మన నిజామాబాద్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్ళకు 1040 మంది ఆడవాళ్ళు తేలారు. మగవాళ్ళు గల్ఫ్ దారి పట్టడం అందుకో కారణం. మరి ఇళ్ళు నడిపినవాళ్ళకు వార్డు నడపడం రాదా?

చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మనకు మూడోవంతు సీట్లిచ్చింది. ఇప్పుడు తెలంగాణ మున్సిపాలిటీల్లో సగం మనవే. 2020 ఎన్నికల్లో మా ఆర్మూరుకు 36 వార్డులు. సగమంటే తక్కువా?

కానీ ఎన్నో ఊళ్ళలో కౌన్సిలరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తేది వాళ్ళాయన. నల్లా నీళ్ళ సంగతి చెప్పబోతే "మేడంకు తెల్వదు, నాకు చెప్పుండ్రి" అంటాడు. మనం నవ్వుకుంటాం. వార్డు సమావేశం అనగానే "మీరే వెళ్ళిరండి" అని మన ఆయన్ని పంపేది మాత్రం ఎవరు? అలా పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ ఓ మహిళా కమిటీ ఉండాలి. మన వార్డు కమిటీలో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు?

2027 జనాభా లెక్కల్లో పక్కింటావిడ ఎవరి పేరు చెబుతుందో ఆవిడ ఇష్టం. ఈసారి వార్డు సమావేశానికి మాత్రం ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం. మరి మీరో?