నాలుగుసార్లు దొరికిన తోకచుక్క

తోకచుక్క పొడిస్తే రాజుకు గండమని, ఊరికి కరువని మన పల్లెల్లో పెద్దలు చెప్పుకునేవారు. ఆ భయం నేటికీ పూర్తిగా పోలేదు. ఏ నెలలో వస్తుందో ముందుగా లెక్కగట్టి చెప్పగలిగిన దానిని చూసి భయపడవలసిన పని లేదు. హేలీ తోకచుక్క తరువాత అలా లెక్కకు అందిన రెండవది ఎంకే తోకచుక్క. దాని కథ మన విద్యార్థులు తెలుసుకోదగినది.

ఇది చాలా మసక తోకచుక్క. దుర్భిణిలో సైతం తరచు చిన్న దూదిపింజ వలె కనిపిస్తుంది. 1786లో ఫ్రాన్సులో మెషాన్ దీనిని చూశాడు. 1795లో ఇంగ్లండులో కరోలిన్ హెర్షెల్ కంటబడింది. 1805లో ఫ్రాన్సులోనే జాన్ లూయీ పాన్స్ కనుగొన్నాడు. 1818లో మళ్లీ ఆయనే కనుగొన్నాడు. మొదట ఎవరికి వారు కొత్త తోకచుక్క అనే అనుకున్నారు.

పాన్స్ పెద్ద చదువులు చదివినవాడు కాడు. 1789లో మార్సేల్ ఖగోళశాలలో కాపలాదారుగా చేరి, అక్కడి పండితుల వద్ద పని నేర్చుకుని, జీవితకాలంలో ముప్పయికి పైగా తోకచుక్కలను పట్టిన దీక్షాపరుడు.

జర్మనీకి చెందిన యోహాన్ ఎంకే 1819లో వీరందరూ రాసి ఉంచిన వివరాలను పోల్చి చూశాడు. నాలుగుసార్లు కనిపించినది ఒక్కటేననీ, సుమారు 3 సంవత్సరాల 4 నెలలకొకసారి సూర్యుని చుట్టి వస్తుందనీ తేల్చాడు. 1822లో తిరిగి వస్తుందన్నాడు. అన్నట్లే ఆ ఏడాది జూన్ 2న ఆస్ట్రేలియాలోని పర్రమట్ట ఖగోళశాలలో రూమ్కర్ దానిని చూశాడు. లోకం దానికి ఎంకే పేరు పెట్టినా, ఆయన మాత్రం పాన్స్ తోకచుక్క అనే పిలిచేవాడు.

చూడటం ఒక ఎత్తు, చూసినది తేదీతో, వేళతో, స్థానంతో రాసి ఉంచడం ఒక ఎత్తు. ఆ రాతలే లేకుంటే ఎంకే లెక్కకు ఆధారమే ఉండేది కాదు.

మన పాఠశాలల్లో గ్రహాల పేర్లు వరుసగా అప్పజెప్పే పిల్లలకు కొదవ లేదు. వారిలో ఎందరు శుక్రుణ్ణి ఆకాశంలో గుర్తుపట్టగలరు? ఈ తోకచుక్క వదిలిన ధూళి వల్లనే ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో, కార్తీక దీపాలు వెలిగే రోజుల్లో, వృషభరాశి దిక్కు నుంచి ఉల్కలు రాలుతాయి. వాటిని చూడడానికి దుర్భిణి అక్కరలేదు. వీధి దీపాలకు దూరంగా ఒక కళ్లం, ఒక నోటుపుస్తకం చాలు. ఎన్ని రాలినవి, ఏ వేళ, ఏ దిక్కున అన్నది పిల్లల చేత రాయించే బాధ్యతను సైన్సు ఉపాధ్యాయులు స్వీకరించాలి. దుర్భిణి ఉన్న కళాశాలలు దానిని బీరువాలో దాచక చుట్టుపక్కల బడుల పిల్లలకు చూపించాలి.

ఎంకే తోకచుక్క 2023 అక్టోబరులో సూర్యుని చుట్టి వెళ్లింది. లెక్క ప్రకారం 2027 ఫిబ్రవరిలో మళ్లీ సూర్యుని చేరాలి. ఆకాశాన్ని చూసి భయపడే అలవాటు పోయి, చూసి రాసుకునే అలవాటు రావడానికి ఇటువంటి రాకపోకలను మించిన పాఠం మరొకటి లేదు. ఖర్చు లేని ఈ పనికి విద్యాశాఖ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనక్కరలేదు.