డీబగ్ ఫైళ్లు మెయింటెయినర్ ఇష్టానికి వదలొద్దు

ఆల్పైన్ లినక్స్‌లో ఒక ప్యాకేజీకి డీబగ్ ఫైళ్లు ఉండాలా వద్దా అన్నది దాని మెయింటెయినర్ ఇష్టం. బిల్డ్ ఫైలులోని సబ్‌ప్యాకేజీల వరుసలో 'డీబీజీ' అని చేర్చితే ఉంటాయి, మరిచిపోతే ఉండవు. బైనరీ నుంచి డీబగ్ సమాచారాన్ని తీసేయడం (స్ట్రిప్) మాత్రం ఎవరూ అడగకుండానే జరిగిపోతుంది. ఈ విధానం తప్పు. సామాన్య యూజర్లకు డీబగ్ ఫైళ్లెందుకు అనేవాళ్లు 2015 డిసెంబర్‌లో డెబియన్‌లో ఏం జరిగిందో ఒక్కసారీ ప్రస్తావించరు.

అంతకుముందు డెబియన్‌దీ ఇదే దారి. డీబగ్ ప్యాకేజీ కావాలంటే మెయింటెయినర్ కంట్రోల్ ఫైలులో చేత్తో రాయాల్సిందే. 2015 డిసెంబర్‌లో ప్యాకేజీల బిల్డ్‌కు వాడే డెబ్‌హెల్పర్ మారింది. చాలామంది మెయింటెయినర్లు ఒక్క అక్షరం మార్చకుండానే డీబీజీసిమ్ అనే డీబగ్ ప్యాకేజీలు వాటంతటవే తయారవడం మొదలైంది. వద్దనుకున్నవాళ్లే వద్దని రాయాలి. 2017 జూన్‌లో వచ్చిన డెబియన్ స్ట్రెచ్‌తో ఈ మార్పు స్టేబుల్ విడుదలకూ చేరింది.

సైజు సంగతంటారా? డీబగ్ ఫైలు అసలు ప్రోగ్రాముకు కొన్ని రెట్లు ఉండొచ్చు, బిల్డ్ సర్వర్ల మీద బరువు పడుతుంది, నిజమే. దానికీ జవాబు 2015లోనే ఉంది. డెబియన్ ఆ ఫైళ్లను వేరే ఆర్కైవ్‌లో పెట్టి, మామూలు మిర్రర్ల మీద ఆ భారం పడనీయలేదు. పది ఎంబీ కూడా ఉండని ఆల్పైన్ కంటైనర్ ఇమేజ్‌కైనా, విడి ప్యాకేజీ వల్ల సైజు చెప్పుకోదగ్గంత పెరగదు.

ఒక రాత్రి మా సర్వీసు క్రాషైంది. జీడీబీ డీబగ్గర్‌లో కోర్ డంప్ తెరిస్తే బ్యాక్‌ట్రేస్‌లో పదకొండు ఫ్రేములు, తొమ్మిదింటి పక్కన రెండేసి ప్రశ్నార్థకాలు. ఆ తొమ్మిదీ ఉన్న లైబ్రరీకి డీబగ్ ప్యాకేజీ లేదు. అదే సోర్సు తెచ్చి మళ్లీ బిల్డ్ చేశాం. వెర్షన్ అదే, కానీ కంపైలర్ ఈలోగా మారింది. అడ్రసులు సంబంధం లేని ఫంక్షన్లను చూపించాయి. తెల్లవారేదాకా కూర్చున్నా కారణం దొరకలేదు. క్రాష్ అయ్యాక కావలసినవారు తయారు చేసుకుంటారులే అనే వాదన ఇక్కడే కూలిపోతుంది. ఏ బిల్డ్‌లో బైనరీ పుట్టిందో, డీబగ్ ఫైలూ ఆ బిల్డ్‌లోనే పుట్టాలి. ఆ క్షణం దాటితే అలాంటిదే మళ్లీ వస్తుందన్న హామీ లేదు.

2021లో ఫెడోరా 35 డీబగ్‌ఇన్ఫోడీ సర్వర్ వాడకాన్ని డిఫాల్ట్ చేసింది. కావలసిన డీబగ్ ఫైలును డీబగ్గరే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అసలు తయారే చేయని ఫైలును ఏ సర్వర్ ఇస్తుంది?

క్రాష్ రిపోర్టు పంపిన యూజర్‌ను డీబగ్ సింబల్స్ జోడించి మళ్లీ పంపమని అడుగుతున్నారు. ఆ సింబల్స్‌ను బిల్డ్ రోజునే పారేసింది యూజర్ కాదు, డిస్ట్రిబ్యూషన్. తన చేతులతో చెరిపేసినదాన్ని ఇంకొకరిని తెమ్మనడం అన్యాయం. ఆల్పైన్ డెవలపర్లకు నా విన్నపం ఒక్కటే: డీబీజీని డిఫాల్ట్ చేయండి. వద్దనుకునే మెయింటెయినర్ ఆ మాటను, దానికి కారణాన్ని తన బిల్డ్ ఫైలులోనే రాయాలి.