దేవునికి అబద్ధ సాక్ష్యం అక్కరలేదు

1869 అక్టోబరు 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, కార్డిఫ్ అనే పల్లెలో బావి తవ్వుతున్న కూలీలకు పదడుగుల రాతిమనిషి కనబడ్డాడు. ఆదికాండము ఆరో అధ్యాయంలోని నెఫీలులలో ఒకడు రాయిగా మారి దొరికాడని వార్త పాకింది. జనం బండ్లు కట్టుకొని వచ్చారు. పొలం యజమాని విలియం న్యూవెల్ గుడారం వేసి మొదట 25 సెంట్లు, రెండు రోజులు తిరిగేసరికి 50 సెంట్లు వసూలు చేశాడు. బైబిలుకు ఇంతకంటే రుజువేం కావాలని కొందరు బోధకులు కూడా సంతోషించారు.

అసలు సంగతి వేరు. న్యూవెల్ బంధువు జార్జ్ హల్ చుట్టల వ్యాపారి, నాస్తికుడు. నెఫీలుల విషయమై ఒక మెథడిస్టు బోధకునితో వాదన పెట్టుకున్నాక, విశ్వాసులను ఎంత తేలికగా నమ్మించవచ్చో చూడాలనుకున్నాడు. అయోవా నుంచి జిప్సం రాయి తెప్పించి, షికాగోలో చెక్కించి, చర్మరంధ్రాల్లా కనబడేలా సూదులతో పొడిపించి, యాసిడ్‌తో పాతబరచి, 1868లో ఆ పొలంలో పాతిపెట్టాడు. యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్ష్ ఆ బొమ్మను చూసి, నీటికి కరిగే జిప్సం తడినేలలో ఎక్కువ కాలం నునుపుగా నిలవదని, ఇది ఈమధ్య చేసిన బూటకమేనని తేల్చాడు. డిసెంబరులో హల్ నిజం ఒప్పుకున్నాడు.

హల్ మోసగాడే. అయితే అతని మోసం పారడానికి కారణం జనం ఆశ. తాము నమ్మిన దానికి ఒక రుజువు కావాలని వాళ్లు ఎదురుచూస్తున్నారు. అది దొరికిందనగానే పరీక్షించడం మానేశారు.

అది ఆనాటి పల్లె జనం అమాయకత్వమని కొట్టిపారేయలేం. వాషింగ్టన్‌లో 2017లో ప్రారంభమైన ‘మ్యూజియం ఆఫ్ ది బైబిల్’లో మృత సముద్రపు గ్రంథపు చుట్టలవని చెప్పిన 16 ముక్కలు ఉండేవి. వాటిని సేకరించినవారు భక్తిపరులు, సంపన్నులు. పరీక్షలు జరిపిస్తే, 2020 మార్చిలో ఆ 16 ముక్కలూ నకిలీవని తేలింది. తోలు పాతదే కాని, సిరా కొత్తది. ఆ తోలు ప్రాచీన కాలపు చెప్పులది కావచ్చునని కూడా పరిశోధకులు అనుమానించారు. 1947 నుంచి కుమ్రాను గుహల్లో దొరికిన అసలు చుట్టలకు దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. మ్యూజియమే పరీక్షలు చేయించి, ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం మెచ్చుకోదగిన విషయం.

పాత చెప్పులనగానే యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయం గుర్తుకొస్తుంది. గిబియోనీయులు పాతబడిన చెప్పులు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు చూపించి, దూరదేశం నుంచి వచ్చామని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ ఆహారాన్ని చూశారేగాని దేవుని దగ్గర విచారణ చేయలేదు. కంటికి కనిపించిన పాతదనమే వాళ్లకు చాలిపోయింది.

తరువాతి అధ్యాయంలో సూర్యుడు నిలిచిన సంగతి ఉంది. ఆ తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయనే కథ ఎన్నో ఏళ్లుగా మన ప్రసంగ వేదికల మీద వినబడుతూనే ఉంది. అలాంటి పరిశోధన తాము చేయలేదని నాసా ఏనాడో చెప్పింది. ఎర్రసముద్రంలో ఫరో రథచక్రాలు దొరికాయనే ధ్రువపడని కథ వాట్సాప్‌లో గ్రూపు నుంచి గ్రూపుకు తిరుగుతోంది. ‘దేవుని మహిమ కోసమే కదా, పంపితే తప్పేమిటి?’ అంటారు కొందరు.

తప్పే. ఈ రోజు సంఘంలో కూర్చున్న కాలేజీ పిల్లవాడు ప్రసంగం ముగిసేలోగా ఫోనులో ఆ సంగతి వెతికి చూడగలడు. నాసా కథ అబద్ధమని తెలిసిన పిల్లవాడు, అదే నోటితో చెప్పిన పునరుత్థానాన్ని ఎందుకు నమ్మాలని అడుగుతాడు. ఆ ప్రశ్న వేసినందుకు అతన్ని అవిశ్వాసి అంటే న్యాయమేనా? అతని ముందు అభ్యంతరపు బండ వేసింది మనమే.

యోబు తన స్నేహితులను నిలదీసింది కూడా ఈ విషయంలోనే. దేవుని పక్షంగానైనా సరే, వంచన మాటలు పలకవచ్చునా అని అడిగాడు (యోబు 13:7). అపొస్తలుడైన పౌలుకు ఇంకా పెద్ద భయం ఉంది. క్రీస్తు లేవకపోయి ఉంటే తాము దేవుని విషయంలో అబద్ధసాక్షులమవుతామన్నాడు (1 కొరింథీ 15:15). అందుకే ఆయన కథలు అల్లలేదు. లేచిన ప్రభువును చూసినవారిని పేరుపేరునా చెప్పి, ఐదువందల మందికి పైగా ఉన్న మరో గుంపులో చాలామంది ఇంకా బ్రతికే ఉన్నారన్నాడు. అనుమానమున్నవారు వెళ్లి అడగవచ్చు.

పౌలు చెప్పిన మాటలనే బెరయవారు లేఖనాల్లో వెతికి చూశారు. లేఖనం వారిని సందేహపరులనలేదు, ఘనులని మెచ్చుకుంది. మనమూ ఏ వార్తనైనా ఇతరులకు పంపే ముందు అలాగే పరీక్షిద్దాం. తెలియని సంగతిని తెలియదని చెబుదాం. సత్యమైన దేవుణ్ణి సత్యంతోనే ప్రకటిద్దాం.