పిల్లల నోట తెలుగు మాట నిలవాలంటే

సెప్టెంబరు వచ్చింది. అమెరికాలో తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊళ్లన్నిటా వారాంతపు తెలుగు తరగతులు మళ్లీ మొదలవుతున్నాయి. గుడి ఆవరణలో, గ్రంథాలయాల్లో, ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంటులో పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటున్నారు. ఇలాంటి తరగతులు నడిపే సిలికానాంధ్ర మనబడి 2007లో ప్రారంభమైంది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు పాఠ్యపుస్తకాలకు, పరీక్షలకు, సెలవు రోజును పిల్లల కోసం వెచ్చించే గురువులకు కొదవ లేదు. ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 లోపు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటిందని జనగణన విభాగం సర్వేలు చూపించాయి.

ఇంత ఉన్నా, తరగతి గదిలో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. గుణింతాలు తప్పు లేకుండా రాసిన పాప, పాఠం గడగడా చదివిన బాబు, ఆ కథలో ఏం జరిగిందని అడిగితే ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. అక్షరాలు వచ్చాయి కానీ చెప్పడానికి మాటలు చాలడం లేదు. అందుకే ఈ విద్యా సంవత్సరంలో మన తరగతులు పదసంపదకు పెద్దపీట వేయాలని కోరుతున్నాం.

ముందుగా, ఏ మాటలు కరువయ్యాయో చూడాలి. పండ్లు, పూలు, జంతువులు, రంగుల పేర్లు మన పిల్లలకు బాగానే తెలుసు. బొమ్మల అట్టలన్నీ వాటితోనే నిండి ఉంటాయి. లోటు క్రియల దగ్గర ఉంది. ఏ ఇంగ్లీషు క్రియ పక్కనైనా ‘చేయడం’ తగిలిస్తే తెలుగు వాక్యం నడిచిపోతుంది. కట్ చేశాను, గ్రేట్ చేశాను, గ్రైండ్ చేశాను, ఫ్రై చేశాను. వంటింట్లో అమ్మానాన్నలు రోజూ చేసే తరగడం, తురమడం, దంచడం, రుబ్బడం, వేయించడం, వడకట్టడం అన్నీ ఆ ఒక్క ‘చేయడం’ వెనక్కి పోతున్నాయి. పేర్లు తెలిసి పనులు తెలియని పిల్లవాడు వస్తువును చూపించగలడు కానీ దానితో ఏం జరిగిందో చెప్పలేడు. కాబట్టి పాఠంలో కొత్త మాటలు ఎంచేటప్పుడు సగమైనా క్రియలు ఉండాలి.

రెండోది, ఎంపిక. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్, లిండా కుకన్ అనే అమెరికన్ విద్యావేత్తలు 2002లో ‘బ్రింగింగ్ వర్డ్స్ టు లైఫ్’ అనే పుస్తకంలో మాటలను మూడు అంచెలుగా చూడమన్నారు. ఇంట్లో వినగా వినగా వచ్చేవి మొదటివి. ఒక్కో శాస్త్రానికి పరిమితమైనవి మూడోవి. ఆలోచన చెప్పడానికి ఏ విషయంలోనైనా పనికొచ్చేవి రెండోవి. బడి శ్రమ ముఖ్యంగా ఈ నడిమి అంచె మీద ఉండాలని వారి సూచన. తెలుగులో తేడా, కారణం, సందేహం, పోల్చడం, ఒప్పుకోవడం, తటపటాయించడం వంటివి ఆ కోవలోకి వస్తాయి. ఇవి వస్తే పిల్లలు తెలుగులో వాదించగలరు, వివరించగలరు, అలిగి కారణం చెప్పగలరు.

మూడోది, నేర్పే తీరు. ఇరవై మాటల జాబితా ఇచ్చి, పక్కన ఇంగ్లీషు అర్థం రాయించి, మరుసటి వారం పరీక్ష పెడితే మార్కులు వస్తాయి, మాటలు నిలవవు. వారానికి ఐదారు మాటలు చాలు. మొదట కథ చెప్పాలి. కథలో ఆ మాట వచ్చిన చోట ఆగి, పిల్లలకు తెలిసిన తేలిక మాటలతో విడమరచాలి. అర్థం ఒక్కసారి ఇంగ్లీషులో చెప్పినా తప్పు లేదు. ఆ తరువాత పని మాత్రం తెలుగులోనే జరగాలి. “నువ్వు ఎప్పుడైనా తటపటాయించావా? దేనికి?” అని ప్రతి బిడ్డనూ అడగాలి. ప్రతి బిడ్డా ఆ మాటతో తన సొంత వాక్యం పైకి చెప్పాలి. మరుసటి వారం, ఆ పై నెల అదే మాటను మరో కథలో మళ్లీ ఎదురుపడేలా చూడాలి. నేర్చినది ఎంత త్వరగా చెదిరిపోతుందో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే ప్రయోగాలతో చూపించారు. ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ గుర్తుచేసుకోవడమే దానికి విరుగుడు. వారానికి ఒక్కరోజే కలిసే మన తరగతులకు ఇది మరీ అవసరం.

నాలుగోది, తెలుగు తనకు తానే ఇచ్చే సాయం. మార్చు–మార్పు, తీర్చు–తీర్పు, కూర్చు–కూర్పు, చేర్చు–చేర్పు, ఓర్చు–ఓర్పు. ఈ వరసను నల్లబల్ల మీద రాసి రెండు జతలు చూపిస్తే మూడోది పిల్లలే చెబుతారు. నడక, నడత, నడవడి, నడిపించడం ఒకే కుటుంబమని తెలిస్తే కొత్త పాఠంలో తెలియని మాట ఎదురైనా బెదరరు, ఊహిస్తారు.

ఇక్కడ గురువులకు ఒక ప్రత్యేక విన్నపం. మీ తరగతిలో శ్రీకాకుళం, కరీంనగర్, కడప ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి ఆనపకాయ మరొకరికి సొరకాయ, ఒకరి వేరుశనగలు మరొకరికి పల్లీలు. ఇంటి నుంచి తెచ్చిన మాటను తప్పు అని కొట్టేస్తే ఆ బిడ్డ రెండోసారి నోరు తెరవదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వివిధ ప్రాంతాల రైతుల నోటి మాటలను ఏరి గౌరవంగా అచ్చులోకి తెచ్చింది. మన తరగతి గది కూడా రెండు మాటలనూ బల్ల మీద రాసి, ఇద్దరి చేతా పలికించాలి. గత నెల 29న మనం జయంతి జరుపుకున్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు చదువు చెప్పాలని తాను ముందు సవర భాష నేర్చుకున్నారు. పిల్లల నోట ఉన్న మాట నుంచే చదువు మొదలవ్వాలన్న ఆయన పట్టుదల మనకు నేటికీ దారి చూపుతుంది.

చివరగా, ఇల్లు. వారానికి రెండు గంటల తరగతి మాటను పరిచయం చేయగలదు, వాడుకలో నిలపలేదు. తల్లిదండ్రులారా, ఈ వారం తరగతిలో వచ్చిన ఐదారు మాటలు ఏవో గురువుగారిని అడిగి తెలుసుకోండి. వంట చేస్తూ, కారు నడుపుతూ వాటిని మీరే వాడండి. పిల్లలు తప్పు పలికితే నవ్వకండి. సరైన రూపాన్ని మీ జవాబులో కలిపి చెప్పండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు, నానమ్మలు ఉంటే రోజుకో కథ చెప్పమని అడగండి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేనన్ని మాటలు వారి దగ్గర ఉన్నాయి. దూరంలో ఉన్నవారిని వీడియో కాల్‌లో “బాగున్నావా, తిన్నావా” దగ్గర ఆగిపోనివ్వకండి.

వచ్చే సంచికలో పిల్లల కోసం రెండు పేజీలు కేటాయిస్తున్నాం. మీ పిల్లలు ఈ నెలలో నేర్చుకున్న కొత్త మాటలతో సొంతంగా నాలుగు వాక్యాలు రాసి పంపించండి. పెద్దలు దిద్దనక్కరలేదు. వారు రాసింది రాసినట్లే వేస్తాం.

– సంపాదకవర్గం