పదహారేళ్ల లైసెన్సు, నూట పది సీసీ స్కూటర్: సూరత్ అడాజన్‌లో చట్టానికీ వీధికీ మధ్య దూరం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో తాపీ నదికి పడమటి ఒడ్డున విస్తరించిన నివాస ప్రాంతం అడాజన్. పాఠశాలలు, ట్యూషన్ కేంద్రాలు, అపార్టుమెంట్లు ఇక్కడ ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఉదయం బడి వేళ, సాయంత్రం ట్యూషన్ వేళ ఆనంద్ మహల్ రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, యూనిఫాం కూడా మార్చుకోని విద్యార్థులు ఒక్కో స్కూటర్‌పై ఇద్దరు, ముగ్గురు చొప్పున సాగిపోవడం కనిపిస్తుంది. హజీరా పారిశ్రామిక ప్రాంతానికి వెళ్లే భారీ వాహనాల దారి కూడా ఈ దిక్కుననే ఉంది. నగర ప్రాంతీయ రవాణా కార్యాలయం ఉన్నది పక్కనే, పాల్ ప్రాంతంలో. లైసెన్సులు ఇచ్చే కార్యాలయానికి కూతవేటు దూరంలోనే లైసెన్సు లేని ప్రయాణాలు నిత్యం సాగుతున్నాయన్నమాట.

ఇది గుజరాతీ కుటుంబాలకే పరిమితమైన విషయం కాదు. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం సూరత్ చేరిన నేత కుటుంబాల మూడో తరం పిల్లలు ఇప్పుడు ఇదే నగరంలో చదువుకుంటున్నారు. హైదరాబాద్‌లోనూ పరిస్థితి భిన్నంగా లేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడి ట్రాఫిక్ పోలీసులు మైనర్ల డ్రైవింగ్‌పై ప్రత్యేక తనిఖీలు చేపట్టవలసి వచ్చింది.

ముందుగా చట్టం ఏమంటోందో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. 50 సీసీకి మించని ఇంజన్ గల మోటారు సైకిల్‌ను 16 ఏళ్లు నిండినవారు లైసెన్సు పొంది నడపవచ్చు. 18 ఏళ్లలోపువారికి లెర్నర్ లైసెన్సు ఇవ్వాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో లిఖితపూర్వకంగా సమ్మతి తెలపాలి.

చిక్కంతా ఈ మినహాయింపులోనే ఉంది. ఆ చట్టం వచ్చిన రోజుల్లో లూనా, టీవీఎస్ 50 వంటి మోపెడ్లు ఊరూరా తిరిగేవి. పదహారేళ్ల కుర్రవాడు వాటిని నడుపుతాడన్న ఊహ అప్పటికి సహజమైనదే. నేడు పెట్రోలుతో నడిచే 50 సీసీ వాహనం కొత్తగా కొందామన్నా దొరకడం గగనమే. దుకాణాల్లో అమ్ముతున్న గేరు లేని స్కూటర్లు 110 సీసీ, 125 సీసీ ఇంజన్లవి. అయినా ‘గేరు లేని మోటారు సైకిల్’ అని లైసెన్సు మీద అచ్చయిన మాటను చూసి, మా అబ్బాయికి లైసెన్సు ఉంది కదా, స్కూటర్‌కు గేర్లు లేవు కదా అని తల్లిదండ్రులు ధీమాగా ఉంటున్నారు. గేరు లేకపోవడం ఒక షరతు మాత్రమే. ఇంజన్ సామర్థ్యం రెండో షరతు. పదహారేళ్ల విద్యార్థి ఆ లైసెన్సుతో 110 సీసీ స్కూటర్ నడిపితే, చట్టం దృష్టిలో లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క.

బ్యాటరీ వాహనాల విషయంలోనూ ఇటువంటి అపోహే ఉంది. మోటారు శక్తి 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని ద్విచక్ర వాహనాలకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. అంతకు మించి వేగంగా పోయే ప్రతి ఎలక్ట్రిక్ స్కూటరూ మోటారు వాహనమే. పొగ రానంత మాత్రాన చట్టం వర్తించకుండా పోదు.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు బాధ్యతను పిల్లల నుంచి పెద్దల మీదికి మళ్లించింది. కొత్తగా చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా విధించవచ్చు. వాహనం రిజిస్ట్రేషన్ 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. సంరక్షకుని సమ్మతితోనే వాహనం బయటికి వచ్చిందని న్యాయస్థానం ముందుగానే భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందని, లేదా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా జరిగిందని నిరూపించుకోవలసిన భారం పెద్దలదే. తగిన లైసెన్సుతో, ఆ లైసెన్సు అనుమతించే వాహనాన్నే నడిపిన మైనర్ విషయంలో ఈ సెక్షన్ వర్తించదు.

జైలు, జరిమానాల గురించి అందరూ మాట్లాడతారు గాని, కుటుంబాన్ని కుంగదీసేది చాలాసార్లు బీమా వ్యవహారం. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి ఒక పద్ధతి స్థిరపడింది. లైసెన్సు లేని వ్యక్తి నడిపిన వాహనం వల్ల ఎవరైనా చనిపోతే, బాధితులకు ముందుగా బీమా సంస్థ చేత పరిహారం ఇప్పించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకునే హక్కును ఆ సంస్థకు కల్పించవచ్చు. అంటే క్రమం తప్పకుండా ప్రీమియం కట్టిన తండ్రి కూడా లక్షల రూపాయలు తన జేబులో నుంచి చెల్లించవలసి రావచ్చు. స్కూటర్ తాళం ఇచ్చేటప్పుడు ఈ లెక్క ఎవరి మనసులోనూ ఉండదు.

2024 మే నెలలో పుణెలో 17 ఏళ్ల బాలుడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించినప్పుడు, రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయాలన్న బెయిలు షరతు దేశమంతటా ఆగ్రహం కలిగించింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయితే ఖరీదైన కార్ల ప్రమాదాలకు వచ్చే ప్రచారం స్కూటర్ ప్రమాదాలకు రాదు. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారే. హెల్మెట్ లేకుండా ప్రయాణించి చనిపోయినవారు 50,029 మంది.

హెల్మెట్ విషయంలో గుజరాత్ ప్రభుత్వం తడబడిన సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో కేంద్రం పెంచిన జరిమానాను రాష్ట్రం సగానికి తగ్గించి 500 రూపాయలు చేసింది. అదే ఏడాది డిసెంబరులో పట్టణాల్లో హెల్మెట్ తప్పనిసరి కాదని ప్రకటించి, విమర్శలు వచ్చాక వెనక్కి తగ్గింది. ప్రభుత్వమే ఇలా ఊగిసలాడితే పదహారేళ్ల పిల్లలు నియమాన్ని ఎంత గట్టిగా పట్టించుకుంటారు? ఆ తరువాత సూరత్ పోలీసులు దారి మార్చారు. 2024లో సిగ్నళ్ల వద్ద ఆగే అలవాటును నగరానికి పట్టుబట్టి నేర్పారు. 2025 ఫిబ్రవరి 15 నుంచి హెల్మెట్ నిబంధనను కఠినంగా అమలు చేయడం మొదలుపెట్టారు. ఎర్రదీపాన్ని ఖాతరు చేయని నగరమన్న పేరున్న సూరత్‌లో గీత దగ్గర వాహనాలు ఆగడం చూసి నగరవాసులే ఆశ్చర్యపోయారు. శిక్ష ఎంత పెద్దది అన్నదానికన్నా, తప్పక పడుతుందా లేదా అన్నదే జనం నడవడిని మార్చిందని నా అభిప్రాయం.

ఇక నేర్చుకోవడం మాట. లెర్నర్ లైసెన్సుకు కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. గుండ్రని గుర్తు ఆదేశమని, త్రికోణం హెచ్చరిక అని, దీర్ఘచతురస్రం సమాచారమని తెలిస్తే, మరికొంత చదివితే గట్టెక్కవచ్చు. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరువాత ట్రాక్ పరీక్షకు వెళ్లవచ్చు. ద్విచక్ర వాహనంతో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. ఇది సమతూకాన్ని పరీక్షిస్తుంది, విచక్షణను కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. ఎదుట ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు నొక్కడానికి సెకనున్నర పట్టినా 25 మీటర్లు గడిచిపోతాయి. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. కూడలి వలయంలో ఇప్పటికే తిరుగుతున్న వాహనానికే ముందు హక్కు అన్నది 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్న మాట. అడాజన్ సర్కిళ్లలో దాన్ని పాటించే పెద్దలు ఎందరు? తండ్రి వెనుక కూర్చుని పదేళ్లు ప్రయాణించిన పిల్లవాడు రాంగ్ రూట్‌ను, హారన్‌ను, బీఆర్‌టీఎస్ దారిలోకి దూరడాన్ని అప్పటికే నేర్చేసుకుని ఉంటాడు. పరీక్ష పుస్తకం ఆ తరువాత చేతికి వస్తుంది.

కొన్ని దేశాలు లైసెన్సును అంచెలంచెలుగా ఇస్తాయి. 1987లో న్యూజిలాండ్ ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికా రాష్ట్రం టెక్సాస్‌లో మైనర్లు కనీసం ఆరు నెలలు లెర్నర్ దశలో ఉండాలి, పెద్దలు పక్కన కూర్చోగా 30 గంటలు నడపాలి. తరువాత కూడా అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు సాధారణంగా నడపరాదు, కుటుంబ సభ్యులు కానివారిలో 21 ఏళ్లలోపువారిని ఒకరికి మించి ఎక్కించుకోరాదు. తోటి పిల్లలు పక్కన ఉన్నప్పుడే వేగం పెరుగుతుందన్న అనుభవం నుంచి పుట్టిన షరతు ఇది. మన చట్టంలో 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసుకు మిగిలింది, మార్కెట్లో కానరాని మోపెడ్ ఒక్కటే.

పిల్లలకు తాళం ఇస్తున్న తల్లిదండ్రులందరినీ నిర్లక్ష్యపరులని అనలేం. ఉదయం మిల్లుకో దుకాణానికో వెళ్లే తండ్రి, ఇంటి పనితో సతమతమయ్యే తల్లి, రాత్రి ముగిసే ట్యూషన్: వీటి మధ్య స్కూటర్ ఒక సౌకర్యంగా కాక అవసరంగా ఇంట్లోకి వచ్చింది. సూరత్‌లో సిటీ బస్సులు, బీఆర్‌టీఎస్ దారులు ఉన్నాయి. అడాజన్‌లో ట్యూషన్ వదిలే సమయానికి, ఆ వీధి మొదట్లో, పిల్లలు ఎక్కదగిన బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తోందో నగరపాలక సంస్థ, పాఠశాలలు కలిసి కూర్చుని లెక్క తీస్తే, పోలీసులు ఆపవలసిన స్కూటర్లు ఎన్ని తగ్గుతాయో కూడా అక్కడే తేలుతుంది.