నిప్పొస్తే పక్కకు జరుగుతాం, అడవిని ఖాళీ చేయం

శివరాత్రి దాటిందంటే నల్లమలలో మా చెంచుపెంటల చూపంతా కొండ మీదే. అప్పటికి ఆకు రాలి ఉంటుంది. వెదురు, బోదగడ్డి నిలువునా ఎండి ఉంటాయి. పగలు పొగ, రాత్రి కొండ మీద ఎర్రటి గీత. గాలి మా వైపు తిరిగితే మూటలు కట్టడం మొదలుపెడతాం.

ఆ మూటలోకి మొదట పోయేవి కాగితాలు: రేషన్ కార్డు, ఆధార్, అటవీ హక్కు పత్రం. గుడిసె కాలితే మళ్లీ కట్టుకుంటాం. కాగితం కాలితే మేము ఇక్కడివాళ్లమని ఎవరూ నమ్మరు. తర్వాత జొన్నలు, తేనె తీసే తాడు, విల్లంబులు. మేకల తాళ్లు విప్పేస్తాం. నడవలేని అవ్వను ఎవరు ఎత్తుకోవాలో ముందే అనుకుంటాం. పెంట చుట్టూ ఆకు ఊడ్చి, పచ్చి కొమ్మలతో మంటను కొడతాం. మా చేతుల్లో లేకుండా పోతే వాగు ఇసుకలోకి జరుగుతాం. నిప్పు ఆరితే తిరిగి వస్తాం. తాతల నాటి నుంచి ఇంతే.

ఇప్పుడు కొత్త మాట వింటున్నాం: "ప్రతి ఏడూ ఈ బాధ ఎందుకు? శాశ్వతంగా కిందికి వచ్చేయండి." ఒక రాత్రి పక్కకు జరగడం వేరు, అడవిని వదిలేయడం వేరు. మంట గుడిసె దాకా వచ్చినప్పుడు భయంతో ఊపిన తలను ఒప్పుదల అంటారా? పులుల అభయారణ్యంలోనైనా మమ్మల్ని కదిలించాలంటే గ్రామసభ అన్నీ తెలుసుకొని, స్వేచ్ఛగా, రాసి ఇచ్చి ఒప్పుకోవాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. పొగలో వేయించుకున్న వేలిముద్ర ఆ ఒప్పుదల కాదు.

నిప్పు పెట్టేది మీరే అంటారు. మాలో తప్పు చేసినవాళ్లే లేరని మేము అనం. తేనెకు పెట్టిన పొగ ఆర్పకుండా వచ్చినవాణ్ణి పెంటలోనే నిలదీస్తాం. మరి హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద కార్ల నుంచి పడే సిగరెట్ ముక్కలు ఎవరివి? వంట చేసుకొని ఆర్పకుండా పోయిన పొయ్యిలు ఎవరివి? వాళ్లు దాటిపోతారు. మేము ఇక్కడే ఉంటాం కాబట్టి నింద మా మీదే పడుతుంది. ఇప్పపువ్వు, జిగురు, తేనె, గడ్డలు అన్నీ ఆ అడవిలోనే. తన గంజికుండను తానే పగలగొట్టుకునేవాడు ఉంటాడా?

ఉపగ్రహం నిప్పును చూసి ఫోన్లకు కబురు పంపుతుంది. మంచిదే. చాలా పెంటల్లో ఆ ఫోనుకు సిగ్నల్ ఉండదు. గాలి ఎటు తిరుగుతుందో, ఏ చెలమలో నీళ్లున్నాయో మాకు తెలుసు. అయినా నిప్పు ఆర్పేటప్పుడు మేము ఎండాకాలం కూలీలం, నిర్ణయం చేసేటప్పుడు ఎవరమూ కాము.

అందుకే అడుగుతున్నాం. ఫైర్ లైన్లు ఎక్కడ, ఎప్పుడు తీయాలో గ్రామసభ చెప్పాలి. అడవిని కాపాడే అధికారం ఆ చట్టంలోని 5వ సెక్షన్ మాకు ఇచ్చిందే. నిప్పు కాపలావాళ్లకు ఏడాది పొడవునా జీతం, కాళ్లకు బూట్లు, ఒళ్లు కాలితే వైద్యం ఇవ్వాలి. ప్రాణాల మీదికి వస్తే బండి పంపండి, అవ్వలను, పిల్లలను ఎక్కించండి. నిప్పు ఆరగానే అదే బండిలో తెచ్చి దింపండి.

మా మూట ఒక్క రాత్రి కోసం కట్టింది. దాన్ని విప్పేది మా పెంటలోనే.