ద్రాక్షతోటల విహారం - చక్కెర వ్యాధిగ్రస్తులు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులను రెండు రోజులు ఎక్కడికైనా తిప్పి తీసుకు రావాలని పిల్లలకు ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న సొనోమా అలాంటి చోటు. ఒక పక్క పసిఫిక్ సముద్రం, కాస్త లోపలికి వెడితే ద్రాక్షతోటలు. సముద్రపు పొగమంచు తెచ్చే చల్లదనానికి పీనో న్వార్ అనే ద్రాక్ష అక్కడ బాగా పండుతుంది. తప్పక చూడండి. అయితే మీకు చక్కెర వ్యాధి ఉంటే బయలుదేరే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

తోటల దగ్గర వైను రుచి చూపిస్తారు. ఒక్కొక్క రకం 30 నుంచి 60 మిల్లీలీటర్లు పోస్తారు. 'ఇంతేగదా' అనిపిస్తుంది. కాని 60 చొప్పున అయిదు రకాలు చూస్తే 300 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసులు తాగినట్టే! మూడు తోటలు తిరిగితే ఆరు. రుచి చూసి ఉమ్మివేయడానికి పాత్ర పెడతారు. వైను సంగతి బాగా తెలిసినవారే అలా ఉమ్ముతారు కనుక మీరు మొహమాటపడనక్కరలేదు. ఎన్నడూ ముట్టనివారు 'గుండెకు మంచిదట' అని ఈ వయసులో మొదలుపెట్టవద్దు.

కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతూ ఉంటుంది. మద్యం చేరితే ఆ పని మందగిస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవారికి అప్పుడు చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి తూలుతాడు. చూసేవారికి ఇదంతా నిషాలాగే ఉంటుంది. 'నాన్నగారికి కాస్త ఎక్కువైంది, పడుకోనివ్వండి' అని దుప్పటి కప్పుతారు. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ముందు రక్తపరీక్ష చేయండి. చక్కెర 70 కన్నా తక్కువ ఉంటే అర గ్లాసు పండ్లరసం గాని, మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు గాని తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. పరీక్షించే యంత్రం దగ్గర లేకపోయినా ఆలస్యం చేయకుండా తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 911కి ఫోను చేయండి.

ఈ చిక్కు చాలా గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా రావచ్చు. రాత్రి భోజనం మానవద్దు. పడుకోబోయే ముందు మరోసారి పరీక్ష చేసుకోండి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు, అందులోనూ మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ముందే డాక్టరు నడిగి వెళ్ళాలి.

కార్యక్రమం ఎంత తక్కువైతే అంత సుఖం. రోజుకు ఒక్క తోట, అదీ మధ్యాహ్న భోజనమయ్యాక. మిగతా వేళ సముద్రం దగ్గర కూర్చోండి. జెన్నర్ ఊరు దాటాక కొండ అంచున మలుపులే మలుపులు. వాంతులు రాకుండా అవోమిన్ వేసుకుంటే ఆ రోజు వైను జోలికి పోవద్దు, రెండూ కలిస్తే మత్తు మరీ ఎక్కువవుతుంది. కారు నడిపేవారు చుక్క కూడా ముట్టకూడదు.

జూలైలో కూడా స్వెట్టరు కావాలి. గోట్ రాక్ తీరంలో అలలు చెప్పకుండా పైకి వస్తాయి. ఫోటోల కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి. మాత్రలు, చక్కెర పొట్లం, పరీక్షించే యంత్రం కారు డిక్కీలో కాదు, మీ చేతిసంచిలో ఉండాలి.